ఒళ్లో చీపురు

ఖానాపూర్‌లో కరీంనగర్ బస్సెక్కాను. నా పక్క సీట్లో ముప్పై ఏళ్ల ఆవిడ. ఆమె ఒళ్లో ఖాకీ కాగితం చుట్టి, లక్కతో సీలు వేసిన పొడవాటి పొట్లం.

“కింద పెట్టరాదా అక్కా,” అన్నాడు కండక్టర్.

“వద్దన్నా, ఒళ్లనే ఉండనియ్యి.”

ఆగలేక అడిగాను, అందులో ఏముందని.

“చీపురు,” అని నవ్వింది. “నేను పోలీసు క్లూస్ టీంల చేస్త. జైనూర్ దిక్కు ఒక ముసలవ్వ ఇంట్ల దొంగలు పడ్డరు. పుస్తెలతాడు పోయింది. మేం పోయేసరికి అవ్వ ఇల్లంత ఊడ్చి, వాకిట్ల సాన్పి చల్లి, ముగ్గేసి కూసున్నది. పెద్ద సార్లు వస్తుంటే ఇల్లు గలీజుగ ఉంటదా బిడ్డా అన్నది.”

“మరి గుర్తులన్నీ పోయినట్టేనా?”

“అడుగులైతే పోయినయి. జర కోపమొచ్చింది. మా అవ్వయినా గట్లనే చేస్తుండె అనుకొని, ఆమె పోసిన చాయ్ తాగిన. అప్పుడు యాదికొచ్చింది. ఇల్లు సాఫ్ చేసింది గని, చీపురును సాఫ్ చెయ్యలే గద!”

చీపురులో ఏం ఇరుక్కుందో కరీంనగర్ ల్యాబులో చూస్తారట. ఆ పుస్తెలతాడు దొరికిందో లేదో నాకు తెలియదు.

చుట్టాలొస్తున్నారంటే మా ఇంట్లో చీపురును తలుపు వెనక దాచేస్తాం. ఇప్పుడు దాచేముందు, దాని ఈనెల మధ్యకు ఒకసారి తొంగి చూస్తాను.