చౌడునీళ్ళలో చెయ్యి

మా కెమిస్ట్రీ టీచర్ చనిపోయారని సోమవారం ఉదయం ప్రార్థన ముగిశాక చెప్పారు. నాలుగు రోజుల జ్వరమట. క్లాసులో అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకు భయమేసిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఆమె వేళ్ళ కొసలు పసుపుపచ్చగా ఉండేవి. నైట్రిక్ యాసిడ్ మచ్చలు, ఎంత కడిగినా పోయేవి కావు. ఆ వేళ్ళతో చర్చి పాటల పుస్తకం తెరిచి, పేజీల మధ్య దాచిన లిట్మస్ కాగితం తీసేవారు. మజ్జిగైనా, చింతపులుసైనా ముంచి చూడాల్సిందే. మా కడప బావినీళ్ళలో ఎర్ర కాగితం మెల్లగా నీలమయ్యేది. "నాలికను నమ్మొద్దు, కాగితాన్ని అడుగు" అనేవారు. ఇంగ్లీషులో ఆల్కలీ అని బట్టీ పట్టే మాతో, "అది దొరల వస్తువేం కాదు పాపా, మీ ఇండ్లల్లో గుడ్డలుతికే చౌడులో ఉండేది అదే" అని చెప్పింది ఆమే.

కిందటేడు మా అవ్వ నా తెల్ల లంగాను చౌడునీళ్ళలో నానేసింది. పైకి తీసేసరికి నడుము దగ్గర ఎర్రగా అయిదు వేళ్ళ ముద్ర. ఎవరో నెత్తుటి చేత్తో వెనకనించి పట్టుకున్నట్టుంది. రుద్దేకొద్దీ ఇంకా ఎరుపెక్కింది.

"ఈ పిల్లను ఏందో పట్టుకోనుండాది. ఇంక బడీ వద్దు, గిడీ వద్దు" అంది అవ్వ. అమ్మ లేని ఇల్లు. అవ్వ మాటకు నాన్న ఎదురు చెప్పడు. వారం రోజులు గడప దాటలేదు. ఎవరూ చూడకుండా ఆ ముద్ర మీద నా చెయ్యి పెట్టి చూశాను. నా చెయ్యి చిన్నది.

బడికి రావడం లేదేమని టీచర్ ఇంటికొచ్చారు. లంగా చూసి, "పసుపు నూరినావా పాపా?" అన్నారు. నూరాను. చెయ్యి నడుముకు తుడుచుకున్నానో లేదో గుర్తు లేదు. "తడిలో మరక పారతాది. దానికే పెద్దదయింది" అన్నారు. తర్వాత అవ్వ వైపు తిరిగారు.

"నువ్వు పసుపూ సున్నం కలిపి దిష్టినీళ్ళు చేస్తావు గదా అవ్వా, ఎర్రగా? చౌడూ అంతే."

"ఆ నీళ్ళు నేను కలిపితే ఎర్రగయితాయి. దీన్ని ఎవురు కలిపినారు?"

టీచర్ నిమ్మకాయ కోసి ముద్ర మీద పిండారు. ఒక్కో వేలే ఎరుపు పోయి పసుపు పచ్చనైంది.

"అమ్మో, దిగిపాయె! కిరస్తానమ్మకు గూడా మంత్రాలొస్తాయా?" అంటూ అవ్వ దండం పెట్టింది.

టీచర్ మంత్రం కాదని చెప్పబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. "రేపటినించి బడికి పంపు అవ్వా. నా కండ్ల ముందరుంటే ఏం గాదు" అని మాత్రం అన్నారు. వాకిట్లో నా చెవిలో, "పరీక్షలో దయ్యమని రాసినావో, సున్నా" అని నవ్వారు. ఆ పూట ఆమె మింగేసిన మాట వల్లే నేనీ ఏడాది చదువుకున్నాను.

ఆ సోమవారం నేను ఇల్లు చేరేసరికే టీచర్ పోయిన సంగతి అవ్వకు తెలిసిపోయింది.

"దాన్ని కట్టేసినామె పాయె. అది మళ్ళా వస్తాది. రేపటినించి ఈడనే ఉండు."

నేను వంటింట్లోకి వెళ్ళి అరచేతికి పసుపు పూసుకొచ్చి, అవ్వ చూస్తుండగా చౌడుతొట్టిలో ముంచాను. తీసేసరికి చెయ్యి ఎర్రగా ఉంది.

"దీన్ని నేనే కలిపినా, అవ్వా."

అవ్వ ఒకడుగు వెనక్కి వేసింది. గొంతు తగ్గించి, "ఆ మంత్రం ఆయమ్మ పొయ్యేముందర నీకిచ్చి పాయెనా?" అంది.

కాదని చెప్పాలి. టీచరైతే ఏం చెప్పేవారో నాకు తెలియదు.

"ఔ అవ్వా, ఇచ్చిపాయె."

మరునాడు బడివేళకు తలుపు అవ్వే తీసింది. నెత్తిన కొంగు కప్పుకుని, నా వైపు చూడకుండా, ఎవరో పెద్దమనిషికి దారిచ్చినట్టు గోడకు ఒదిగి నిలబడింది.