పెంకుల మీద కాలు పెట్టని వదిన

మా వదిన ఇళ్లకు రంగులు వేస్తుంది. పెంకుటిళ్లకు ఎన్నింటికో వేసింది గానీ, ఇంతవరకు పెంకు మీద కాలు మాత్రం పెట్టలేదు.

మా ఇంట్లో అందరిదీ ఇదే పని. నాన్నను పిల్లి మేస్త్రీ అంటారు. వయసులో ఉన్నప్పుడు ఏ కప్పు మీదైనా చప్పుడు కాకుండా నడిచేవాడని ఆ పేరు. మోకాళ్లు మొరాయించాక పని మానేశాడు గానీ, పని దగ్గరికి వచ్చి వంకలు పెట్టడం మానలేదు. అన్నయ్యా నేనూ కింది గోడలు చూసుకుంటాం, పైపని వదినది. పెళ్లయి వచ్చినప్పుడు ఆమెకు బ్రష్ పట్టడం కూడా రాదు. డబ్బాలు అందిస్తూ, మేం చేసిన తప్పులు చూస్తూ నేర్చుకుంది.

ఆ రోజు మేడగది బయటి గోడకు రంగు వేయాలి. గోడను ఆనుకుని కింద వంటింటి పెంకుల కప్పు ఉంది. దాని మీదుగా వెళ్తే తప్ప గోడ అందదు.

వదిన ముందు వంటింట్లోకి వెళ్లి, తలుపులు మూసి, చీకట్లో పైకి చూసింది. పెంకు పగిలి ఉంటే అక్కడ వెలుగు గీతలా కనబడుతుంది. ఒక్క గీతా లేదు.

"బాగానే ఉందిగా, ఎక్కెయ్," అన్నాడు అన్నయ్య.

"ఉండండి. ఇది వంటిల్లు."

కర్రకు చీపురు కట్టి, పొయ్యి పైనున్న పెంకులను మెల్లగా దులిపింది. మసి రాలిన చోటల్లా సన్నటి వెలుగు గీతలు తేలాయి. ఏళ్ల తరబడి పట్టిన మసి పగుళ్లను పూడ్చేసింది.

"అమ్మా, పనయ్యేదాకా పొయ్యి వసారాలో పెట్టుకోండి. లోపలికి ఎవరూ రాకూడదు," అని ఇంటావిడకు చెప్పింది.

"గోడకు రంగు వేయమంటే నా వంటిల్లు ఖాళీ చేయిస్తావేంటమ్మా!" అని సణుగుతూనే ఆవిడ గిన్నెలు మోసుకెళ్లింది.

వదిన ఊచల్లేని మేడగది కిటికీలోంచి రెండు పొడవాటి చెక్క పలకలు బయటికి జరిపింది. జారకుండా వాటి అడుగున గోనెసంచులు కట్టి ఉన్నాయి. బరువు వాసాల మీద పడేలా అడ్డంగా పరిచింది. గది లోపల కిటికీకి అడ్డంగా గునపం పెట్టి, తన నడుం బెల్టు తాడు దానికి బిగించి, అప్పుడు పలక మీదికి పాకింది.

ఆమె వెనకాలే గదిలోకి వచ్చిన నాన్న నవ్వాడు. "ఈ పటాటోపం చూస్తే ఏనుగు ఎక్కుతోందనుకుంటారమ్మాయ్. పిల్లి ఎప్పుడైనా పలకలు వేసుకుందా?"

"పిల్లికి నాలుగు కాళ్లు మామయ్యా. బరువు నాలుగు చోట్ల పంచుకుంటుంది. నాకున్నవి రెండే."

గోడ ముప్పాతిక అయింది. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఆ మూల వదిలేశావ్."

"వస్తున్నా మామయ్యా, అక్కడికే."

"అది కాదు, చూపిస్తానుండు," అని కిటికీ దాటేశాడు.

"నాన్నా, వద్దు!" అని కింద నుంచి మేమిద్దరం అరిచాం. పలక వదిలి పెంకుల మీద ఒక అడుగు, రెండో అడుగు. తర్వాత కుండ పగిలిన చప్పుడు. నాన్న కుడికాలు తొడదాకా కప్పులో దిగిపోయింది. లేవబోతే ఎడమ మోకాలి కింద పెంకులు కిర్రుమన్నాయి.

"లేవకండి! బోర్లా పడుకోండి. చేతులు చాపండి," అంది వదిన. కోడలి మాటకు ఎదురు చెప్పకపోవడం నాన్నకు అదే మొదలు.

కాలు పైకి తోద్దామని నేను వంటింటి వైపు పరుగెత్తాను.

"లోపలికి వెళ్లకు! ఇంకా రాలతాయి!" పైనుంచి కేక. గుమ్మంలోనే ఆగిపోయాను. కప్పు నుంచి నాన్న కాలు చెప్పుతో సహా వేలాడుతోంది.

"అయ్యో రామ, ఎవరిదీ కాలు?" అంది ఇంటావిడ.

వదిన తన పలక మీద బోర్లా పడుకుని, రెండో పలకను నాన్న ఛాతీ కిందికి జరిపింది. అన్నయ్య మేడ మీదికి పరుగెత్తి కిటికీలోంచి ఇంకో తాడు విసిరాడు. నాన్న దాన్ని చంకల కింద చుట్టుకున్నాడు. అన్నయ్య లాగుతుంటే కాలు మెల్లగా పైకి వెళ్లింది, చెప్పు వంటింట్లో పడింది. నేను మేడ ఎక్కేసరికి నాన్న పలక మీద పాక్కుంటూ కిటికీలోంచి గదిలోకి వచ్చిపడ్డాడు. తొడ మీద గీరుకుపోవడం తప్ప ఇంకేం కాలేదు. అన్నయ్య గోడకు చేరగిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

మేం కిందికి వచ్చేసరికి ఇంటావిడ గుమ్మంలోంచి వంటింట్లోకి తొంగిచూస్తోంది. అరచేతులంత పెంకు ముక్కలు ఆవిడ పీట చుట్టూ పడి ఉన్నాయి. "నేనిక్కడే కూర్చునేదాన్ని," అంది మెల్లగా. మాకు మంచినీళ్లు తెచ్చి, ముందు గ్లాసు వదినకే ఇచ్చింది.

సాయంత్రానికి కొత్త పెంకులు కప్పి, గోడ పూర్తిచేసి ఇల్లు చేరాం. అన్నం తిన్నాక నాన్న పలక తెప్పించి హాల్లో నేల మీద వేయించాడు.

"అమ్మాయ్, పాకేటప్పుడు మోచేతులు ఎక్కడ ఆనించాలో చూపించు."

వదిన చూపించింది. నాన్న మూలుగుతూ పాకాడు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"మా ఆయనకు ఇన్నాళ్లకు పాకడం వచ్చింది. ఇక అడుగులెప్పుడు వేస్తాడో!"

ముందు వదినే నవ్వింది. పలక మీద బోర్లా పడుకున్న నాన్న కూడా, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు.