హలో అక్కయ్య కొలతలు

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల విభాగంవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి టెలిఫోన్ గదిలో కూర్చుని "హలో, ఎవరు కావాలండీ?" అని అడిగీ అడిగీ హలో అక్కయ్య అయిపోయింది. పెద్ద డాక్టరుకూ అక్కయ్యే, గచ్చు తుడిచే ముసలాయనకూ అక్కయ్యే. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ గదికి తాళం పడింది. ఆవిడను కంప్యూటర్ విభాగానికి మార్చి, మూల ఒక బల్లా, దాని మీద ఒక ఫోనూ ఇచ్చారు. ఫిర్యాదులు వినడం ఉద్యోగం.

"పాత పని పోయిందన్నావు, మళ్ళీ ఫోనే ఇచ్చారేమిటే?" అంది అత్తగారు.

"అప్పుడు మాటలు పక్కవాళ్ళకి కలిపేదాన్ని అత్తయ్యా. ఇప్పుడు తిట్లు మొత్తం నాకే."

ఆ తిట్లకు ఒక వేళ ఉండేది. పొద్దున్న రోగుల తాకిడి పెరిగేసరికి రక్తపరీక్షల ఫలితాలు చూపించే ప్రోగ్రాము బిగుసుకుపోయేది. వార్డుల్లో డాక్టర్లు తెర ముందు నిలబడి గోళ్ళు కొరుక్కునేవారు. ఫోన్ మోగేది. విభాగంలో అందరికీ తెలిసిన మందు ఒక్కటే: ప్రోగ్రామును ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. దాంతో అది లేచి కూర్చునేది కానీ, ల్యాబ్‌లో సగం ఎక్కించిన అంకెలన్నీ గాలికి పోయేవి. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసేవారు, ఈసారి ఇంకాస్త గట్టిగా.

ఊరికే తిట్లు తినే బదులు ఆ గొడవేమిటో తెలుసుకుందామని ఆవిడకు పట్టుదల పుట్టింది. సాయంత్రం క్లాసుల్లో చేరింది. తనకంటే సగం వయసువాళ్ళ మధ్య కూర్చుని, తెలియనిది తెలియదని చెప్పి మరీ అడిగేది. అలా వర్చువల్ మెషీన్ అంటే అర్థమైంది. ఒక పెద్ద ఇంటిని గోడలు కట్టి వాటాలుగా అద్దెకిచ్చినట్టు, ఒకే పెద్ద సర్వరును లెక్కప్రకారం పంచుతారు. ఒక్కో వాటా తానే ఒక విడి కంప్యూటరైనట్టు నడుచుకుంటుంది. పరీక్షల ప్రోగ్రాము కాపురం అలాంటి ఒక వాటాలో.

కాస్త నేర్చుకోగానే ఆవిడ తొందరపడింది. ఆ వాటాకిచ్చిన మెమరీ దాదాపు నిండిపోయి ఉండటం చూసి, "మెమరీ చాలట్లేదు సార్, అదే జబ్బు" అని మేనేజరుకు చెప్పేసింది. ఆయన పైవాళ్ళను బతిమాలి ఇంకాస్త ఇప్పించాడు. మర్నాడు పొద్దున్న ప్రోగ్రాము యథాప్రకారం బిగుసుకుంది. మెమరీ ఎంతిచ్చినా ఆ వాటా ముందుచూపుగా పట్టి ఉంచుకుంటుందనీ, నిండినట్టు కనిపించడం కొరత కాదనీ ఆవిడకు తర్వాత తెలిసింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాలుగు క్లాసులకే వైద్యం మొదలుపెట్టాను" అంది ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే.

"దానికేం? పెళ్ళైన కొత్తలో నేను చేసిన కూర మీ మామగారు కుక్కకి పెడితే అది కూడా వాసన చూసి పోయింది" అంది అత్తగారు. "వంట మానేశానా?"

ఆవిడకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే సగం బరువు దిగింది. మిగతా సగం గురించి ఆలోచిస్తే ఒకటి తట్టింది. తాను చూసిందంతా బయటి నుంచే. వాటా గుమ్మం ముందు నిలబడితే లోపల దీపం వెలుగుతోందో లేదో తెలుస్తుంది కానీ, వంటింట్లో ఎవరు ఎవరికి అడ్డొస్తున్నారో తెలియదు. ప్రోగ్రాము నడుస్తూ ఉండగా దాని లోపలి నుంచే కొలతలు రావాలి. ఎన్ని పనులు వరసలో నిలబడ్డాయి, ఒక్కోటి ఎంతసేపు తీసుకుంటోంది, ఫలితాలు దాచే డేటాబేసుకు వెళ్ళే కనెక్షన్లలో ఎన్ని ఖాళీగా ఉన్నాయి. వీటిని ఎప్పటికప్పుడు పోగుచేసి పంపే చిన్న ప్రోగ్రామును ఏజెంటు అంటారని క్లాసులో చెప్పారు. దాన్ని పరీక్షల ప్రోగ్రాముతో పాటే మొదలయ్యేలా తగిలించాలి.

తగిలించాలంటే నిట్రాడు ఒప్పుకోవాలి. పరీక్షల ప్రోగ్రామును చూసుకునే ఇంజనీరు అతను. గుమ్మాల దగ్గర తల వంచి నడిచేంత పొడుగు కాబట్టి, పాక కప్పును మోసే గుంజ పేరు పెట్టారు.

"నా ప్రోగ్రాముకి సీసీ కెమెరా పెడతారా అక్కయ్యా?" అన్నాడు అతను, మొహం గంటు పెట్టుకుని. "ఇప్పటికే ఏది ఆగినా నన్నే అంటున్నారు. ఇక సాక్ష్యం కూడానా?"

"ఇన్నాళ్ళూ ఫోన్లో తిట్లు తిన్నది ఎవరు?"

"మీరే."

"నీ పేరు ఎప్పుడైనా ఎవరికైనా చెప్పానా?"

అతను తల గోక్కున్నాడు. "లేదు."

"మరి? తప్పు నీదైతే మనిద్దరం కూర్చుని దిద్దుదాం. కాకపోతే నిన్ను అనేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. ఎటు చూసినా నీకు నష్టం లేదు కదరా."

నిట్రాడు కుర్చీ జరిపి పక్కన చోటిచ్చాడు.

మొదట ఏమీ రాలేదు. గ్రాఫు ఉండాల్సిన చోట తెల్లటి తెర. సెట్టింగుల్లో ఒక్క అక్షరం తప్పు పడిందని కనిపెట్టేసరికి ఇద్దరి టీలూ చల్లారిపోయాయి. అది దిద్దాక కొలతలు వచ్చాయి కానీ, ప్రోగ్రాము నత్తనడక పట్టింది. ఆత్రం కొద్దీ ఆవిడ క్షణానికోసారి కొలవమని పెట్టింది.

"పని చేసుకునేవాణ్ణి నిమిషానికోసారి 'అయిందా, అయిందా' అని అడిగితే ఇంకేం చేస్తాడక్కయ్యా!" అన్నాడు నిట్రాడు. వ్యవధి పెంచారు. తెర మీద సన్నటి నీలిగీతలు ఒక్కొక్కటే పాకడం మొదలుపెట్టాయి. తన చేత్తో మొలిపించిన గీతలు. వాటిని చూస్తూ ఆవిడ భోజనం సంగతే మరిచిపోయింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ ఆ తెర ముందే ఉన్నారు. బయట రోగుల వరసలు పెరిగాయి. ప్రాసెసర్ గీత నింపాదిగా ఉంది, మెమరీ గీతా అంతే. ఒక్క గీత మాత్రం మెట్లెక్కినట్టు ఎక్కుతూ పోయి పైకప్పుకు తగిలి ఆగింది. అది వాడుకలో ఉన్న కనెక్షన్ల గీత. అదే క్షణంలో ఫోన్ మోగింది.

"లైన్లన్నీ ఎంగేజ్!" అంది హలో అక్కయ్య, ఫోన్ సంగతి మరిచిపోయి. "ఎవరో రిసీవరు పక్కన పెట్టి వెళ్ళిపోయారురా. ఎవరో చూడు."

నిట్రాడు వేళ్ళు కీబోర్డు మీద పరుగెత్తాయి. కనెక్షన్లన్నింటినీ పట్టుకు కూర్చున్నది వార్డుల గోడ తెరలకు సారాంశం పంపే ఒక పాత భాగం. పరీక్ష ఇంకా పూర్తికాని రోగి ఎదురైనప్పుడల్లా అది దారితప్పి, పట్టుకున్న కనెక్షన్‌ను వదలకుండానే వెళ్ళిపోతోంది. పొద్దున్నపూట అలాంటి రోగులే ఎక్కువ. ఆపి మళ్ళీ మొదలుపెడితే కనెక్షన్లన్నీ విడుదలయ్యేవి కాబట్టే ఆ మందు పనిచేసేది.

మేనేజరు వెనక నుంచి తొంగిచూసి, ఆ భాగాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు.

"ఇది నేను రాసింది" అన్నాడు చివరికి. "పెళ్ళికి సెలవు పెట్టే ముందురోజు. మనసెక్కడుందో మరి."

"వదిలేయండి సార్, మనసు సరైన చోటే ఉంది" అంది హలో అక్కయ్య. ముగ్గురూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నిట్రాడు. ఏళ్ళుగా మోస్తున్న నింద దించుకున్నవాడి నవ్వు అది. మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను చాలా మాటలన్నానయ్యా" అన్నాడు. దిద్దుబాటు మాత్రం తనే దగ్గరుండి చేశాడు.

ఆ మర్నాడు ఆసుపత్రి జనంతో కిటకిటలాడింది. కనెక్షన్ల గీత ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. ఫోన్ మోగలేదు. ఆవిడ అనుమానం కొద్దీ రిసీవరెత్తి చెవి దగ్గర పెట్టుకుని చూసింది. లైను బాగానే ఉంది.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని కాదు. ఆ వారంలోనే ల్యాబ్ ప్రింటరు మొరాయించింది, తిట్లూ వచ్చాయి. కానీ మందుల కౌంటరులో పనిచేసే ఆవిడ స్వయంగా పై అంతస్తుకు ఎక్కి వచ్చి, "మా ప్రోగ్రాము కూడా మధ్యాహ్నమయ్యేసరికి మొండికేస్తోందమ్మా, దానికీ ఏదో పెడతారటగా" అని అడిగింది.

"కూర్చోండి" అంది హలో అక్కయ్య, ఇంకో కుర్చీ లాగి. "ముందు నేనేమీ చెప్పను. కొలిచాక చెబుతాను. ఏ పని చేస్తుంటే ఆగుతుందో మీరు చెప్పండి."

నిట్రాడు అప్పటికే ఏజెంటు సెట్టింగులు తెరిచి, ఈసారి అక్షరాలు ఒకటికి రెండుసార్లు పైకే చదువుకుంటున్నాడు.