ఫ్లెమింగోల మీద నా కేక

పెళ్లయిన కొత్తలో భార్య నోరు తెరిచి అడిగిన మొదటి కోరికను ఒక్క కేకతో నీళ్లపాలు చేసిన ఘనుణ్ని నేను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

మా ఆవిడ సుజాత బడిలో టీచరు. పులికాట్ సరస్సులో దీవి పక్కన ఫ్లెమింగోలు తల తిరగేసి మేత మేయడం వీడియో తీసుకొస్తానని పిల్లలకు మాటిచ్చి, నన్ను తీసుకెళ్లమంది. నాదేమో చిల్లకూరు దగ్గర వరి సేద్యం. "పక్షుల గురించి నాకు తెలీనిదేముంది, పద" అని బయలుదేరదీశాను. నాకు తెలిసిందల్లా వాటిని పొలంలోంచి తోలడమేనని ఆ క్షణంలో తట్టలేదు.

పడవ నడిపే చెంగయ్య పెద్దాయన. గెడ వేసుకుంటూ మడ చెట్ల పక్కగా తీసుకుపోయి, దీవి చివర బురదతిన్నె దగ్గర ఆపాడు.

"అవే నడుచుకుంటా దగ్గరికొస్తాయి. గమ్మునుండాల. తుమ్ము గూడా రాకూడదు."

"నాకు చెప్తావేందన్నా?"

"నీకే చెప్పినా అబ్బయ్యా. ఆయమ్మ గమ్మునే ఉండాది గదా."

ఎండ నడినెత్తికొచ్చింది. సుజాత ఫోను పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది. నాకు కునుకు పట్టింది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా మోకాటిలోతు నీళ్లు. ఆ నీళ్లనిండా పక్షులు, తలలు వంచి తీరిగ్గా మేస్తున్నాయి. నిద్రమత్తులో అది మా నారుమడిలాగే కనిపించింది. అంతే, లేచి నిలబడి తువ్వాలు గిరగిరా తిప్పుతూ "హోయ్... హోహోయ్" అని గొంతు చించుకున్నాను. గుంపంతా ఒక్కసారిగా లేచింది. ఆకాశం గులాబీ రంగైపోయింది. పడవ ఊగింది.

"ఏం చేసినారండీ?" అంది సుజాత.

"తోలినాను" అన్నాను నిజాయితీగా.

"బాగా తోలినావు అబ్బయ్యా. ఇంక మద్రాసు దాటేదాకా దిగవు" అన్నాడు చెంగయ్య.

ఒడ్డు చేరేదాకా సుజాత ఖాళీ అయిన బురదతిన్నె వైపే చూస్తూ కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నిజంగానే సిగ్గేసింది.

మర్నాడు, పిల్లలకు ఇచ్చిన మాట కోసం ఉన్న వీడియోనే క్లాసులో చూపించిందట. అందులో కాసేపు పక్షులు, మిగతా అంతా తువ్వాలు తిప్పుతున్న నేను. అది అయ్యాక పిల్లల్ని అడిగిందట, "ఫ్లెమింగోలు గుంపుగా ఎప్పుడు ఎగురుతాయి?"

"మీ ఆయన నిద్ర లేచినప్పుడు, టీచర్" అని క్లాసంతా ఒకటే గొంతు.

కనుక పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మా పొలం గట్టు దాటాక రెక్కలున్న ఏ ప్రాణినీ తోలను. పడవలో కునుకు తీయను. ఒకవేళ తీసినా, సుజాత అనుమతి లేకుండా కళ్లు తెరవను.