సంతకం కొట్టేయించడానికి ఉయ్యూరు ప్రయాణం

డెబ్భైల దశకం నడుమ ఒక ఫిబ్రవరి శనివారం, ఉదయం ఏడు గంటలకు విజయవాడలో బందరు బస్సెక్కాను. ఒళ్లో నా పీహెచ్‌డీ థీసిస్. నక్షత్రాల లోపల కర్బన కేంద్రకం హీలియం కేంద్రకాన్ని పట్టుకుని ఆక్సిజన్‌గా మారే వేగం ఎంతో అందులో లెక్కగట్టాను. సోమవారంలోగా యూనివర్సిటీకి అందిస్తే కాలేజీలో నా ఉద్యోగం పర్మనెంటవుతుంది. గైడుగా మా మాస్టారు చదివి, అంతా సరిగ్గా ఉందని సంతకం కూడా పెట్టేశారు.

గురువారం తిరగేస్తుంటే తప్పు కనబడింది. ఢీకొనే రెండు కేంద్రకాల ద్రవ్యరాశులు పన్నెండు, నాలుగు; వాటి లబ్ధాన్ని మొత్తంతో భాగించి మూడు వేయాలి. నేను హీలియం ఒక్కదానిదే, నాలుగు, వేశాను. లెక్కగట్టిన ముప్ఫై ఉష్ణోగ్రతలకూ అదే తప్పు. ఎవరూ పట్టుకోరులే అని మనసు ఒక రోజంతా నచ్చజెప్పి చూసింది. వినలేదు.

ఎనిమిదింటికి కంకిపాడులో టీ తాగాను. ఉయ్యూరు రెండు మైళ్లుందనగా బస్సు ఆగిపోయింది. ముందంతా ఫ్యాక్టరీకి పోయే చెరుకుబళ్లు. ఈ కాలంలో అటు వెళ్లేవారు ఒక గంట అదనంగా పెట్టుకోవాలి.

పక్కసీటు రైతు అడిగాడు: "ఏంటమ్మా ఆ పుస్తకం? బైబిలా?"

"కాదండీ, నక్షత్రాల లెక్కలు."

"అక్కడికెళ్లి కొలిచొచ్చిందెవరు?"

"ఎవరూ వెళ్లలేదండీ. ఇక్కడ ప్రయోగశాలల్లో ఎక్కువ శక్తి దగ్గర కొలుస్తారు. నక్షత్రంలో ఉండే తక్కువ శక్తి దగ్గర అది మరీ అరుదు, కొలతకు దొరకదు. అక్కడిదాకా లెక్కతోనే పోవాలి."

"మరి లెక్క తప్పితే?"

"తప్పిందండీ. అందుకే ఈ ప్రయాణం."

ఆయన నవ్వలేదు. "అయితే ఈ బస్సును నమ్ముకోకమ్మా. కాలవ గట్టెంట నడిచెళ్లిపో" అన్నాడు.

నడిచాను. పదింటికి మాస్టారి ఇల్లు చేరాను. రిటైరయ్యాక ఆయన సొంతూరిలో సేద్యం చూసుకుంటున్నారు. తప్పున్న పేజీ, ఆయన సంతకమున్న పేజీ తీసి ముందు పెట్టి, "మీ సంతకం కొట్టేయండి మాస్టారూ" అన్నాను.

అరగంట చూశారు. "నేనెట్టా చూళ్లేదు దీన్ని?" అన్నారు తనలో తాను. తర్వాత తలెత్తి, "సోమవారం దాటితే ఈ ఏడు నిన్ను పర్మనెంటు చెయ్యరు గ్రేసూ. తెలుసుగా?"

"తెలుసండీ."

"వచ్చే ఏడు ఉంచుతారో లేదో కూడా తెలీదు."

"అదీ తెలుసండీ." కాగితాలు వెనక్కి తీసుకోలేదు.

ఆయన కలం తీసి సంతకం మీద రెండు గీతలు కొట్టారు. దాని కింద 'ఈ తప్పు నేనూ గమనించలేదు' అని రాసి, మళ్లీ సంతకం చేశారు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

పన్నెండింటికి వాళ్లావిడ గోంగూర పప్పుతో అన్నం పెట్టారు. తిన్నాక మాస్టారూ నేనూ లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని ఒక్క ఉష్ణోగ్రతకు సరిచేసి చూశాం. వేగం ఎన్నో రెట్లు పెరిగింది. నేను రాసినంత కర్బనం అంత వేడి ఉన్న నక్షత్రంలో మిగలదు, ఆక్సిజనే ఎక్కువవుతుంది.

"చివరి అధ్యాయం మొత్తం మారిపోద్దే!" అన్నారు మాస్టారు. ఆ మాటలో ఉత్సాహం వినబడింది.

మూడున్నరకు తిరుగు బస్సు. కిటికీ సీటు దొరికింది. ఉద్యోగం దిగులు ఎక్కడికీ పోలేదు. నాతోపాటే ఎక్కి కూర్చుంది. అయినా పొద్దుటిలా ఆ పేజీని చూడలేక కళ్లు తిప్పుకోవలసిన పని లేదు. పట్టికలు మోకాళ్ల మీద పరుచుకున్నాను. కుదుపులకు నేను రాసే అంకెలు వంకర పోతున్నాయి, చదవడానికి మాత్రం వస్తున్నాయి. బస్సు విజయవాడ శివారులో పటమట దాటేసరికి రెండో ఉష్ణోగ్రత లెక్క తేలింది.

ఇంకా ఇరవై ఎనిమిది.