పర్సలోయ్ చెప్పిన అంకె

పర్సలోయ్ బతికున్న దేన్నీ లెక్కపెట్టడు. ఆవులెన్నంటే రంగులు చెబుతాడు, పిల్లలెందరంటే పేర్లు చెబుతాడు. ప్రాణమున్నవాటికి అంకె చెబితే కీడని పశువులు కాసుకునే మా మసాయి తెగవాళ్ల భయం. సింహాలకూ అదే పద్ధతి. పొద్దున్నే ఎర్ర దుప్పటి భుజాన ముడేసి సింహాల గుంపు వెనకే నడుస్తాడు, మీసాల దగ్గరి మచ్చలు చూసి ఏ కూన ఏదో చెప్పేస్తాడు. సింహాలను చూడొచ్చే టూరిస్టుల జీపు చప్పుడు వింటే మాత్రం పళ్లు నూరుతాడు. "కళ్లు నెత్తికెక్కాయిరా మీకు. గడ్డిలోకి తోలకండి, కూనలు పడుకునుంటాయి" అని డ్రైవర్లను తిట్టి తిట్టి ఆయన గొంతు బొంగురుపోయింది. ఒక్కడూ విన్న పాపాన పోలేదు.

మొన్న డ్రైవరు సిరోంకా బాట వదిలి, గడ్డికి అడ్డంపడి వచ్చి ఆయన పక్కనే జీపు ఆపాడు.

"ఏం పెద్దయ్యా, ఇవాళ కూనలెన్ని? మా దొరలు అంకె అడుగుతున్నారు" అన్నాడు నవ్వుతూ.

పర్సలోయ్ జీపు వచ్చిన వైపే చూస్తున్నాడు. చక్రాల కింద నలిగిన గడ్డిలో తల్లి సింహం వంగి దేన్నో నాకుతోంది.

"ఒకటి" అన్నాడు.

సిరోంకా కూడా మసాయే. వెనక్కి తిరిగి చూడకుండానే ఇంజను ఆపేశాడు.