బస్సులో పాపను నిద్రపోనివ్వలేదని

ఆటిజం ఉన్న మా ఏడేళ్ల పాప పగలు కునుకు తీస్తే రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉంటుంది. అందుకే ఈ రోజు మధ్యాహ్నం తాడిపత్రి బస్సులో, రెప్పలు వాలినప్పుడల్లా తడిచేత్తో ముఖం తుడిచి లేపాను. పాప ఏడ్చింది. బస్సంతా నావైపే చూసింది.

పక్క సీటులోని అవ్వ ఊరుకోలేదు. "ఏమ్మా, బిడ్డ తూగుతాంటే లేపుతాండావే, కన్నతల్లివేనా నువ్వు?"

సంగతంతా చెప్పాను. అవ్వ అంతా వింది. తర్వాత పాపను కిటికీ వైపు తిప్పింది.

"బండల లారీ వస్తాండాది సూడు పాపా. దానికి ఎన్ని చక్రాలుండాయో చెప్పు."

పాప ఏడుపు ఆపి, ఊరు చేరేదాకా ప్రతి లారీ చక్రాలూ లెక్కపెట్టింది.

రాత్రి తొమ్మిదింటికే నిద్రపోయింది. కానీ ఎక్కిన ప్రతి బస్సులోనూ పాప సంగతి చెప్పుకోవాల్సిందేనా? మీరేమంటారు?